పదహారో ఛానల్

పోర్టు వ్యాను నన్ను నాలుగింటికి
సాలిగ్రామపురం క్వార్టర్స్ దగ్గర దింపుతుంది.
రాత్రంతా ఓడలతో మాట్లాడిన చెవుల్లో
ఇంకా పదహారో ఛానల్ గరగర.
డాల్ఫిన్ నోస్ అవతల లంగరేసినవన్నీ
ముందు పేరు చెబుతాయి, తరవాత ఎక్కడున్నాయో,
ఆ తరవాతే ఏం కావాలో.

మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన
ఎప్పుడో కేబుల్ వాళ్లు వదిలేసిన ఇనుప కడ్డీ.
దాని కొసన పెద్ద నాలంచి,
నలుపూ తెలుపూ, తోక నిక్కబొడిచి,
అదీ అదే వరసలో మాట్లాడుతుంది:
నేను.
ఇక్కడ.
ఈ కడ్డీ నుంచి ఆ మునగచెట్టు దాకా.

"పొద్దుటే దానికెంత కులాసావో సూడు"
అంటుంది మూడో అంతస్తు పైడితల్లమ్మ.
కులాసా కాదమ్మా, అది పట్టా.
రోజూ తెల్లారకముందే తిరగరాసుకోవాలి,
ఒక్క పూట మానేస్తే చెల్లదు.

ఎదురు బ్లాకు మీద ఇంకొకటుంది.
ఇది ఒక ముక్క పాడితే
అది అదే ముక్క అందుకుని కాస్త తిప్పి విసురుతుంది,
కుళాయి దగ్గర మాటకి మాటలా.
రెండు వేసవులుగా చూస్తున్నాను,
ఒక్క ఈక రాలలేదు.
ఎరిగిన గొంతు ఎక్కడ ఆగుతుందో ఎరుకే.
ఎరగని గొంతుకే ఒళ్లు మండుతుంది.

కాన్వెంట్ జంక్షన్ వైపు ఖనిజం లారీలు
నాలుగున్నరకి మొదలవుతాయి.
అందుకే ఇది నాలుగింటికే కడ్డీ ఎక్కుతుంది.
లోతు స్వరాలన్నీ లారీలకి వదిలేసి
పైన మిగిలిన సన్నటి జాగాలో పాడుతుంది,
చేపల రేవులో వేలం పాడే మనిషిలా.

కింద కరివేపాకు గుబురులో
బూడిదరంగు ఆడపిట్ట.
తొందరేం లేదు.
ఎన్ని వరసలు, ఎంతసేపు, ఊపిరి ఎక్కడ తడబడింది,
అన్నీ వింటుంది.
కడుపు కాలేవాడు అంతసేపు పాడలేడు,
పురుగులున్న చోటు దొరికినవాడికే ఆ తీరిక.
నా పెళ్లిచూపుల్లో నన్నే పాడమన్నారు.
ఇక్కడ పాడేది వాడు.
వినేదీ, నచ్చకపోతే లేచి వెళ్లేదీ ఆమె.

మొన్న ఆదివారం ఒక పని చేశాను.
సింహాచలం కొండ కింద రికార్డు చేసుకున్న
వేరే నాలంచి పాట
పిట్టగోడ మీద ఫోన్ పెట్టి వినిపించాను.

మావాడి పాట సగంలో తెగిపోయింది.
కడ్డీ దిగి, ఒళ్లు ఉబ్బించుకుని
ఫోన్ చుట్టూ గెంతింది.
దాని వెనక చూసింది. ట్యాంకు అడుగున దూరి చూసింది.
లేనివాడి కోసం పావుగంట.
నేను నవ్వాను కూడా.
పాట ఆపి తలెత్తేసరికి
ఎదురు బ్లాకు వాడు తీరిగ్గా పాడుతున్నాడు.
కరివేపాకు గుబురు కదలడం లేదు.

కిందటేడు ఒక కుర్రాడు పడవలోంచి
మునిగిపోతున్నామని ఛానల్లో కేకేసి
కిసుక్కున నవ్వాడు.
కాపలా నౌక రెండు గంటలు
చీకట్లో ఖాళీ నీళ్లు వెతికి వచ్చింది.
లేని ఆపదకి పిలుపివ్వడం నేరం,
టైముతో సహా లాగ్ బుక్కులో రాస్తాం.
ఆ రాత్రి రాసింది నేనే.
వాడి అమ్మానాన్నల దాకా తిట్టిందీ నేనే.

ఆదివారం, ఉదయం ఏడూ పది.
ఇది ఎక్కడ రాయాలి?

ఇవాళ వ్యాను దిగి తిన్నగా మేడెక్కాను.
ఫోన్ కింద సంచీలోనే వదిలేశాను.
నాలుగూ అయిదు. కడ్డీ ఖాళీ.
నాలుగూ పది.
తరవాత వచ్చి వాలింది,
మొదటి ముక్క సగం పాడి ఆగి
పిట్టగోడ వైపు తల వంచి చూసింది.

లారీలు ఇంకా రాలేదు.
మిగతా సగం
ఎదురు బ్లాకు మీంచి వచ్చింది.